మహారాజు గారి ఎడమ కన్ను

సంతాప సభలో మాట్లాడమని పిలిస్తే నేను కాదనను. ఈ వయసులో ఇంకే సభకీ ఎవరూ పిలవరు. మైకు దగ్గరికి వెళ్ళగానే దండ వేసిన ఫొటో వంక ఒకసారి చూస్తాను. ముఖ్యంగా ఎడమ కన్ను వంక. మొన్న నందిగామలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారి సభలో అలాగే వంగి చూస్తుంటే, సభ నడిపిస్తున్నాయన కంగారుపడ్డాడు.

"ఏంది మాస్టారూ, ఫొటో వంకరగా ఉందా?"

"కాదు నాయనా. ఆయన వింటన్నాడో లేదోనని చూస్తన్నా" అన్నాను.

ముసలాడికి మతి పోయిందని మైకు నా చేతిలోంచి లాక్కున్నాడు. లాక్కున్నాడంటే మరీ అంత కాదు. తొందరగా ముగించమన్నాడు, అంతే.

నాకీ జబ్బు ఉంది. ఏది చెప్పినా ముందు కాస్త పెంచుతాను, తరువాత మనసొప్పక దించుతాను. ఉద్యోగమంతా పిల్లలకి లెక్కలు చెప్పినవాడికి ఇది తగని పనే. అయితే ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. జగ్గయ్యపేటలో ఒకాయన అంటించాడు. శవంలా పడుకుని అంటించాడు.

ఆయన పేరు చెప్పను. చెప్తే ఆయన వంశం గురించి అడుగుతారు, అది నాకు తెలియదు. ప్రైవేటు బస్సుల రోజుల్లో ఆయన పేట బస్టాండులో బుకింగ్ ఏజెంటు. ఆరడుగుల మనిషి, కిరీటంతో కలిపి. కిరీటం తీస్తే నా భుజం దాటేవాడు కాదు, నేనూ అంత పొడుగరిని కాను. గొంతు మటుకు దేవుడు కొలత చూసుకోకుండా పోశాడు. బెజవాడ బస్సు కదిలే ముందు "చిల్లకల్లు, నందిగామ, కంచికచర్ల" అని ఆయన కేకేస్తే, అక్కడ చిల్లకల్లులో జనం సంచులు సర్దుకునేవాళ్ళు. సర్దుకోరు లెండి, అది ఎక్కడో మైళ్ళ దూరం. బస్టాండు వెనక వీధిలో పసిపిల్లలు లేచి ఏడ్చేవాళ్ళు. అంతవరకు నిజం.

తెల్లవారుజామున మొదటి బస్సుకి విజిల్ ఊదేది ఆయనే, రాత్రి ఆఖరి బస్సులో జనాన్ని దింపుకునేదీ ఆయనే. మధ్యలో నాటకాలు. ఈ మనిషి ఎప్పుడు పడుకుంటాడన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. రాజులు పడుకుంటారని ఎవరనుకుంటారు?

ఆయన లెక్కలో లోకంలో మనుషులు రెండే రకాలు. మన మనుషులు, కానివాళ్ళు. ఊళ్ళోకి కొత్త డాక్టరు వచ్చాడని చెబితే, "వైద్యం సంగతి తర్వాత. మన మనిషేనా?" అనేవాడు. బస్టాండులో కొత్తగా చేరిన కుక్క గురించి కూడా అదే ప్రశ్న. పరీక్ష పెట్టకుండా ఎవరినీ నమ్మేవాడు కాదు. రోళ్ళు పగిలే మే నెల ఎండలో బల్ల మీద కూర్చుని, "ఇవాళ కాస్త చలిగా ఉన్నట్టుంది కదూ?" అని, ఎడమ కన్ను సగం మూసి మా ముఖాలు చూసేవాడు. బట్టల కొట్టు శెట్టి గారు వెంటనే శాలువా తెప్పించుకున్నాడు. శాలువా కాదు, తువ్వాలు. తెప్పించుకోనూ లేదు, భుజం మీద ఉన్నదే. కానీ దాన్ని మెడ చుట్టూ చుట్టుకున్న మాట వాస్తవం.

డ్రైవరు దావీదు ఒక్కడే టీ గ్లాసు కింద పెట్టి, "చలేంది ఏజెంటు గారూ! ఇంజను కంటే ముందు మీ బుర్ర వేడెక్కినట్టుంది. నీళ్ళు పొయ్యమంటారా?" అన్నాడు.

"చూశావా మాస్టారూ? ఇతను మన మనిషి కాదు" అని ఏజెంటు గారు నాతో అన్నాడు. దావీదు ఎదురుగానే.

మన మనిషని తేలినవాడికి మర్నాడు బెజవాడ బస్సులో డ్రైవరు వెనక కిటికీ సీటు. అనుమానమున్నవాడికి వెనక చక్రం మీది సీటు. కాడని తేలినవాడు కీసర దగ్గర మునేరు దాటేదాకా నిలబడాల్సిందే. ఒక్క దావీదుకే ఈ శిక్షలు వర్తించవు. ఆయన సీటు ఒకరు ఇచ్చేదీ కాదు, ఒకరు తీసేదీ కాదు. స్టీరింగు ముందు కూర్చునేవాడు ఎవరి మెప్పు కోసం చూడాలి?

సాయంత్రాలు మేం నలుగురం నాటకం ఆడేవాళ్ళం. నలుగురమంటే వేషాల్లో ముఖ్యులం. ఆయన మహారాజు, శెట్టి గారు పెద్ద మంత్రి, నేను చిన్న మంత్రి, దావీదు సేనాపతి. మా సమాజానికి వచ్చింది ఒకే ఒక్క నాటకం, అదీ పాత విషాద నాటకం. మా దగ్గరున్న పుస్తకానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. రాసిందెవరో మాకు తెలియదు, తిన్న ఎలకలకి తెలిసే ఉంటుంది.

కథ మటుకు తెలుసు. రెండో అంకంలో రాజుకి తనవాళ్ళ మీద అనుమానం వస్తుంది. చచ్చినట్టు పడుకుని ఎవరు ఎలా ఏడుస్తారో వింటాడు. మంత్రులిద్దరూ పద్యాల్లో గుండెలు బాదుకుంటారు. సేనాపతి మాట్లాడడు, కాళ్ళ మీద తల పెట్టి ఏడుస్తాడు, అంతే. రాజు దిగ్గున లేచి, "నేను చావలేదు! మిమ్ము తూచితిని!" అంటాడు. పద్యాలు పాడినవాళ్ళకి కోట తాళాలు ఇస్తాడు. పాడని సేనాపతిని దేశం నుంచి వెళ్ళగొడతాడు. ఆఖరి అంకంలో మంత్రులు శత్రువుకి కోట తలుపులు తీస్తారు. తిరిగొచ్చిన సేనాపతి ఒళ్ళో రాజు ఈసారి నిజంగా చచ్చిపోతాడు. ఇంత చక్కటి కథలోంచి మా మహారాజు నేర్చుకున్నది ఏమిటయ్యా అంటే, పరీక్ష పెట్టడం. మిగతా అంకాలు ఆయన చెవికెక్కలేదు.

పెనుగంచిప్రోలు తిరనాళ్ళలో జరిగింది మొదటిసారి. పదివేల మంది జనం. పదివేలూ తిరనాళ్ళకి వచ్చినవాళ్ళు. మా ముందు కూర్చున్నది మూడొందలు, అందులో సగం కునుకుతున్నారు. శెట్టి గారి పద్యం అయింది. నా పద్యం అయింది. దావీదు కాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఇక రాజు లేవాలి.

రాజు లేవలేదు.

శెట్టి గారు పద్యం మళ్ళీ అందుకున్నాడు. నేనూ మళ్ళీ అందుకున్నాను. చలనం లేదు. ఎడమ కన్ను మటుకు సన్నగా విడివడి ఉంది. లోపల తెల్లగా మెరుస్తోంది.

శెట్టి గారు ఏడుస్తున్నట్టు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని నా చెవిలో, "చూస్తన్నాడు మాస్టారూ! మనల్నే చూస్తన్నాడు. ఏదో ఒకటి పొగడండి" అన్నాడు.

ఏం పొగడను? నాకు వచ్చింది లెక్కలు. అయినా మొదలుపెట్టాను. "ఓ మహారాజా! నీవు లేని ఈ రాజ్యము ఉప్పు లేని పచ్చడియైనది. నీరు లేని మునేరైనది. స్టీరింగు లేని బస్సైనది గదా!" పురాణకాలపు రాజ్యంలోకి బస్సు ఎలా వచ్చిందో నాకే తెలియదు. కునుకుతున్న సగం జనం కూడా లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు గరికపాడు సరిహద్దు దాకా వినిపించాయి. నాకు వినిపించాయి, అది చాలదా? అటు కాళ్ళ దగ్గర దావీదు, దూడ తప్పిపోయిన గేదెలా, "అయ్యో! అయ్యయ్యో!" అని నా మాటలన్నీ మింగేసేట్టు అరుస్తున్నాడు. రోషం వచ్చింది నాకు. జీవితంలో మొదటిసారి నేను బాగా మాట్లాడుతుంటే ఈ అరుపేమిటి?

అప్పుడు రాజు దిగ్గున లేచి, "నేను చావలేదు! మిమ్ము తూచితిని!" అన్నాడు.

తెర పడగానే శెట్టి గారు అడిగేశాడు. "ఏందండీ ఇది ఏజెంటు గారూ? నోరు ఎండిపోయింది మాకు. లేవరేం?"

ఆయన నింపాదిగా మీసం ఊడదీసుకున్నాడు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. ఆ తరువాత అన్నాడు: "నాటకంలో రాజు చేసిందే నేనూ చేశా. ఎవరు మన మనుషులో తూచా."

దావీదు రంగు తుడుచుకుంటూ ఎటో చూశాడు.

అది మొదలు, ఏ ఊళ్ళో ఆడినా అంతే. రెండో అంకంలో ఆయన పడుకుంటే ఎప్పుడు లేస్తాడో తెలియదు. ఆ కన్ను తెరిచే ఉంటుంది. మేం పొగడాలి. మర్నాడు పొద్దున బస్టాండు టీ కొట్టులో తీర్పు.

"శెట్టీ, నీ ఏడుపు గజం బద్ద పెట్టి కొలిచినట్టుంది. వెనక చక్రం. మాస్టారూ, మాట బ్రహ్మాండం. కిటికీ సీటు." ఆగి, నిట్టూర్చి, "దావీదు... గేదె."

"మీరు తాగే టీలో పాలు ఆ గేదెవేగా" అనేవాడు దావీదు, ఊదుకుని తాగుతూ.

నా మాట బ్రహ్మాండమన్నాడే గానీ ఏ మాట అన్నది ఆయన ఏనాడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మెచ్చుకుంటున్నవాణ్ణి వివరాలు అడగడం ఎవరికి చేతనవుతుంది? కిటికీ సీటు మరిగాను. ఇంట్లో పిల్లల లెక్కలు దిద్దుతూ కొత్త పొగడ్తలు గొణుక్కునేవాణ్ణి. "ఆకాశము కూలెను, సముద్రము ఎండెను" అని ఒకరోజు గట్టిగానే అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఎవరు పోయారండీ?" అని అడిగింది. ఇదిగో, నా జబ్బు అక్కడ ముదిరింది. ఉన్నదాన్ని పదింతలు చెయ్యడం నాకు అలవాటైంది ఆ శవం పక్కనే.

ఇక నందిగామ సంగతి.

నందిగామ అంటే తాలూకా కచేరీ, కోర్టు, ప్లీడర్లు. పేట అంటే బట్టల కొట్లు, మిరపకాయ బస్తాలు. మేం నాటకాన్ని కూడా తూకం వేసి అమ్ముతామని వాళ్ళ అభిప్రాయం. ఒకరోజు ఏజెంటు గారు కూడా ఉన్న బస్సు నందిగామలో ఆగింది. కిందనుంచి ఒక ప్లీడరు గారు కిటికీలోకి తల పెట్టి, "ఏమండీ మహారాజా! మీ సేనాపతి ఏడిస్తే మా పాలెంలో పాడిగేదె తాడు తెంచుకుందటగా!" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెంగా.

ఏజెంటు గారు ఫుట్‌బోర్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. "వచ్చే ఆదివారం మీ ఊళ్ళోనే ఆడతా. మీ ముందు నవ్వులపాలైతే నా కిరీటం మునేట్లో పారేస్తా. మళ్ళీ ముఖానికి రంగు పూస్తే నన్ను మనిషని పిలవమాకండి" అన్నాడు.

ఉత్తుత్తి మాట కాదది. ఆ కిరీటం కొండపల్లిలో పని తెలిసినవాళ్ళ చేత చేయించుకున్నది. ఇంట్లో దేవుడి పటాల పక్కన పెట్టుకునేవాడు. పొద్దున బస్టాండుకి వచ్చే ముందు దేవుడికి దణ్ణం పెట్టి, దానికీ పెట్టేవాడు. దానికే ముందు పెట్టేవాడని నేను ఊరంతా చెప్పాను గానీ నేను చూడలేదు. కిరీటం లేకపోతే ఆయన విజిల్ ఊదే పొట్టి మనిషి, అంతే. ఆ సంగతి ఆయనకే అందరికంటే బాగా తెలుసు.

శుక్రవారం దావీదుని పిలిచాడు. టీ కొట్టు ముందే, అందరం ఉండగానే.

"దావీదూ, ఈసారి సేనాపతి నువ్వు కాదు. కచేరీలో గుమాస్తా ఒకతను ఉన్నాడు, కన్నీళ్ళు ముత్యాల్లా కారుస్తాడంట. ప్లీడర్ల ముందు గేదె అరుపు పనికిరాదు."

దావీదు ఇంజను మూత ఎత్తి నీళ్ళు పోస్తున్నాడు. పోయడం ఆపలేదు. "మీ ఇష్టం. కాకపోతే ఆ సీనులో కాళ్ళ దగ్గర గట్టిగా అరిచేవాణ్ణి పెట్టుకోండి."

"ఎందుకు?"

"ఎందుకో మీకు తెలీదా?"

ఏజెంటు గారి ముఖం ఎర్రబడింది. "నాకు భక్తి ఉన్నవాడు కావాలయ్యా, గొంతు ఉన్నవాడు కాదు. ఇన్నేళ్ళల్లో ఆ శవం దగ్గర ఒక్క మంచి మాట అన్నావా నువ్వు?"

"అన్లేదు" అని మూత వేశాడు దావీదు. "బస్సు మటుకు నేనే తోలతాగా?"

"తోలు."

ఆదివారం నాటకం, ప్లీడర్ల వీలు కోసం సాయంత్రం ఆరుకే పెట్టారు. ఏజెంటు గారు ఆ రోజు కూడా మొదటి బస్సుకి విజిల్ ఊది, పగలంతా కిరీటానికి తగరం అంటించుకుంటూ గడిపి, నడుం వాల్చకుండా వచ్చాడు. ముందు వరసలో నల్లకోట్లు. ఆదివారం నల్లకోట్లు ఎవరు వేసుకుంటారు? తెల్ల లాల్చీలే. నాకు మటుకు నల్లగానే కనపడ్డాయి.

మొదటి అంకం బాగా నడిచింది. రెండో అంకంలో రాజు పడుకున్నాడు. శెట్టి గారు పాడాడు. నేను పాడాను. గుమాస్తా కాళ్ళ దగ్గర కూర్చుని, చప్పుడు లేకుండా ఒక్కొక్క బొట్టే కారుస్తున్నాడు. ఎంత అందంగా ఏడ్చాడంటే ఆడవాళ్ళ వైపు నుంచి అయ్యో అన్నారు. రాజు లేవలేదు. కన్ను విడివడి ఉంది. నేను ఆకాశాన్ని కూల్చాను, సముద్రాన్ని ఎండించాను. ఊపిరి కోసం ఆగాను.

ఆ నిశ్శబ్దంలో ఒక చప్పుడు వినపడింది. హార్మోనియం తిత్తికి చిల్లు పడిందనుకున్నాను. హార్మోనియం వాయించేవాడు రెండు చేతులూ ఎత్తి చూపించాడు, తాను వాయించడం లేదని. చప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి చివర చిన్న ఈల కూడా ఉంది.

మహారాజు గురక పెడుతున్నాడు.

గుమాస్తా ఏడుపు ఆపి మా వంక చూశాడు. ముందు వరసలో ఆ ప్లీడరు గారే పక్కాయనతో, "ఏమండీ, శవం గురక పెడుతోందా?" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. మంటకి గాలి తోడైనట్టు ఆ నవ్వు రెండో వరసకి పాకబోతోంది.

ఇన్నేళ్ళు నేను అల్లిన అబద్ధాలన్నీ నిద్రపోతున్న మనిషి చెవిలోనా పోశాను? ఆ కన్ను మమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. దానికి పూర్తిగా మూసుకోవడం చేతకాదు, అంతే. పెనుగంచిప్రోలులో అలిసిపోయి నిద్రపోయాడు. లేచాక ఒప్పుకోలేక తూచానన్నాడు. ఆ తరువాత స్టేజి మీది ఆ మంచమే ఆయనకి దొరికిన పడక.

అప్పుడు హాలు వెనకనుంచి, తలుపు దగ్గర, గోడలు అదిరేలా ఒక కేక:

"అయ్యో! మహారాజా! అయ్యయ్యో!"

దావీదు. ఖాకీ చొక్కా, చేతులకి గ్రీజు. వరసల మధ్యనుంచి గుండె బాదుకుంటూ వచ్చాడు, మెట్లెక్కాడు, గుమాస్తాని మోచేత్తో పక్కకి నెట్టి రాజు కాళ్ళ మీద పడ్డాడు. గేదె, దూడ, మంద మొత్తం ఆ అరుపులో ఉన్నాయి. గురక అందులో మునిగిపోయింది. ఈసారి నేను దావీదు చెయ్యి చూస్తున్నాను కాబట్టి కనపడింది. అరుస్తూనే, రాజు అరికాలులో బొటనవేలి గోరు గట్టిగా గుచ్చాడు.

రాజు దిగ్గున లేచాడు. "నేను చావలేదు! మిమ్ము తూచితిని!"

చప్పట్లు. ఆయన కళ్ళు నులుముకోకుండా నిలదొక్కుకున్నాడు, ఎంతైనా రాజు. అప్పుడు ఖాకీ చొక్కా కనపడింది. సభ వంక చూశాడు, నవ్వబోయి ఆగిన ముఖాల వంక చూశాడు, మళ్ళీ ఖాకీ చొక్కా వంక చూశాడు. అంతా తెలిసిపోయింది ఆయనకి. కానీ నాటకం ప్రకారం ఇప్పుడు ఆయన సేనాపతిని వెళ్ళగొట్టాలి. "పో! నా నీడలో నీకు చోటు లేదు, పో!" అనాలి. ఎప్పుడూ పైకప్పు లేచిపోయేలా అనే మాట.

తెర వెనకనుంచి అందించేవాడు, "పో... పో..." అంటున్నాడు. చివరికి, చీటీ ఇస్తూ చిల్లర లేదన్నంత మెల్లగా అన్నాడు: "పో. నా నీడలో నీకు చోటు లేదు."

దావీదు లేచి, చేతులు ఖాకీకి తుడుచుకుని, దణ్ణం పెట్టి, మెట్లు దిగి జనం మధ్యనుంచి నడిచి వెళ్ళిపోయాడు. తలుపు దాటేదాకా ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. ఆ ప్లీడరు గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఇది నేను పెంచి చెప్పడం లేదు. తుడుచుకున్నాడు.

ఆఖరి అంకానికి గుమాస్తా కనపడకుండా పోయాడు. దావీదే ఖాకీతో వచ్చి కూర్చున్నాడు. మహారాజు ఆ ఖాకీ ఒళ్ళోనే చచ్చిపోయాడు. ఆ చావులో నిద్రపోలేదు, రెండు కళ్ళూ తెరిచి, దావీదు ముఖం చూస్తూ పద్యం పాడాడు.

నాటకం అయ్యాక ప్లీడర్లు లోపలికొచ్చారు. "సేనాపతికి ఖాకీ తొడిగించడం! అందులో ఎంతో భావం ఉందండీ" అన్నారు.

"మరి! అందరికీ అర్థం కాదు" అన్నాడు మహారాజు, కిరీటం సర్దుకుంటూ.

వాళ్ళు వెళ్ళాక దావీదు వైపు తిరిగాడు. "నిన్నెవరు రమ్మన్నారు?"

"బస్సుకి టైమైంది. చెబుదామని వచ్చా."

తిరుగు ప్రయాణంలో ఎవరికే సీటో ఆయన చెప్పలేదు. కిరీటం ఒళ్ళో పెట్టుకుని, దావీదు పక్కన ఇంజను డబ్బా మీద కూర్చున్నాడు. ఊరు దాటకముందే నోరు తెరుచుకుంది. ఆ గురక ఇంజను మోతని మించి వినపడింది. శెట్టి గారు పకపకా నవ్వబోయాడు.

దావీదు అద్దంలోంచి చూసి, "నవ్వాలంటే దిగి నవ్వండి శెట్టి గారూ" అన్నాడు.

శెట్టి గారు దిగలేదు, నవ్వలేదు. ఆ రోడ్డులో గుంటలన్నీ దావీదుకి పేరుపేరునా తెలుసు. ఒక్కదాంట్లో కూడా చక్రం పడనివ్వకుండా పేట చేర్చాడు.

మర్నాడు పొద్దున టీ కొట్టులో తీర్పు కోసం అందరం చెవులు రిక్కించాం. "శెట్టీ, పర్లేదు. మాస్టారూ, మాట బ్రహ్మాండం." నాకు నవ్వొచ్చింది, దిగమింగాను. "దావీదు..." అని ఆగాడు. గ్లాసులోకి చూశాడు. "గేదె."

ఇంకో గుక్క తాగాడు. "కానీ మన గేదె."

"టైమైంది. విజిల్ ఊదండి" అన్నాడు దావీదు.

ఆ తరువాత కూడా చాలా ఊళ్ళల్లో ఆడాం. ఆయన పడుకున్నాడు, మేం పొగిడాం, దావీదు అరిచాడు. మాకు తెలుసని ఆయనకి తెలుసో లేదో, ఎవరూ ఎత్తలేదు. ఒక్కటే తేడా. మునుపు ఆయన లేవాలని పొగిడేవాణ్ణి. ఇప్పుడు ఇంకాసేపు పడుకోనిద్దామని పొగిడేవాణ్ణి.

తరువాత బస్సులు ప్రభుత్వం వాళ్ళవయ్యాయి. దావీదుకి అందులో ఉద్యోగం దొరికింది. ఏజెంటు గారి వయసుకి దొరకలేదు. అయినా రోజూ వచ్చి అదే బల్ల మీద, విజిల్ జేబులో పెట్టుకుని కూర్చునేవాడు. కండక్టరు గంట కొట్టినా దావీదు కదిలేవాడు కాదు. ఆయన విజిల్ ఊదితేనే గేరు వేసేవాడు. కొత్త కండక్టరు ఒకసారి చిరాకుపడి, "ఈయనెవరు, మన బస్సుకి విజిల్ ఊదడానికి?" అని అడిగాడు.

"మన మనిషి" అన్నాడు దావీదు.

ఒక మధ్యాహ్నం గంట కొట్టారు, విజిల్ రాలేదు. ఏజెంటు గారు బల్ల మీద పడుకుని ఉన్నాడు. ఎడమ కన్ను విడివడి ఉంది. బస్సులో జనం కేకలు వేశారు. దావీదు దిగి, బల్ల దగ్గరికి వెళ్ళి, ఆయన చెప్పు ఊడదీసి, అరికాలులో గోరు గుచ్చాడు. మళ్ళీ గుచ్చాడు. ఆ తరువాత చెప్పు తిరిగి తొడిగి, బస్సులోవాళ్ళని దిగమని చెప్పాడు.

సాయంత్రానికి ఇంటి ముందు గదిలో పడుకోబెట్టారు. ఊరు ఊరంతా వచ్చిందని రాయాలనుంది. వీధిలో సగం వచ్చింది. బంధువుల్లో పెద్దాయన ఒకరు ఎడమ కన్ను మూయాలని చూస్తున్నాడు. అది మాటిమాటికీ విడివడుతోంది. ఆయన భార్య కన్నీళ్ళు తుడుచుకుంటూ, "వదిలెయ్యండి అన్నయ్యా. ఆయన నిద్ర ఎప్పుడూ అంతే" అంది.

శెట్టి గారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఈసారి గజం బద్ద లేదు. నేను అలవాటు చొప్పున ఏదో అనబోతున్నాను, స్టీరింగు లేని బస్సనో ఏదో. దావీదు కాళ్ళ దగ్గర, తన చోట్లోనే, టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నోట మాట లేదు, కంట తడి లేదు. తల ఒక పక్కకి వంచి ఉన్నాడు.

శెట్టి గారు ఉండబట్టలేకపోయాడు. "ఏం దావీదూ, ఊళ్ళు దద్దరిల్లేట్టు అరిచేవాడివి. ఇవాళ ఒక్క ఏడుపన్నా లేదేం?"

దావీదు ఆ కాళ్ళ మీదనుంచి చూపు ఎత్తలేదు.

"అప్పుడు గురక ఎవరికీ వినపడకూడదని అరిచా శెట్టి గారూ. ఇప్పుడు వినపడుద్దేమోనని ఊరుకున్నా."

గదిలో అందరం ఊరుకున్నాం. చాలాసేపు. ఇందులో నేను పెంచింది లేదు.